మాట తడబడే మనిషిని మళ్లీ పనికి పంపేటప్పుడు

మా ఆయన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే) దుకాణంలో గుమస్తా. 19 ఏళ్లుగా అదే పని. 2024 దసరా వెళ్లిన వారానికి, పొద్దున పళ్లు తోముకుంటుంటే మూతి ఒక పక్కకు పోయింది, చేతిలోంచి బ్రష్ జారింది. పక్షవాతం. కాలు రెండు నెలల్లో నడకకు వచ్చింది. మాట రాలేదు.

ఫిబ్రవరిలో, మిర్చి సీజన్ జోరు మీద ఉన్నప్పుడు, నేనే ఆయన్ను దుకాణానికి పంపాను. ఇంట్లో డబ్బుకు కటకటగా ఉంది. నలుగురిలో పడితే మాట అదే వస్తుందని చుట్టాలందరూ అన్నారు. మూడో రోజు కాంటా దగ్గర 23 బస్తాల లాట్‌కు ఆయన నోటి వెంట "ముప్పై రెండు" అని వచ్చింది. పక్కనున్నతను అదే రాసుకున్నాడు. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) దాకా పోయాక తేలింది. రైతు అరిచాడు, ఖరీదుదారు అరిచాడు. సరైన లెక్క ఆయన బుర్రలో ఉంది, నోట్లోకి రాలేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. 9 రోజులు గడప దాటలేదు.

ఆ తప్పు నాది. జూలైలో రెండోసారి వెళ్లాడు, ఇప్పటికీ వెళ్తున్నాడు. ఆ మధ్య నాలుగైదు నెలల్లో మేం ఏం చేశామో చెప్తాను. మీ ఇంట్లో మనిషికి మాట ఇబ్బంది తలకు దెబ్బ తగిలి వచ్చినా, పుట్టుకతో ఉన్నా, ఇందులో చాలా వరకు పనికొస్తుంది.

ముందు, ఆగింది ఏమిటో తెలుసుకోండి. స్పీచ్ థెరపిస్ట్ మాకు చెప్పిన పేరు అఫేజియా. మాటను నడిపే భాగం చాలామందికి మెదడులో ఎడమ పక్కన ఉంటుంది. అక్కడ రక్తం అందకపోతే కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాట కూడా దెబ్బతింటుంది. తెలివి మాత్రం ఎక్కడికీ పోదు. మా ఆయన బస్తాలో చెయ్యి పెట్టి తీస్తే చాలు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో ఇప్పటికీ చెప్పగలడు, కాకపోతే చేత్తో చూపిస్తాడు. తెలిసినవాళ్ల పేరు నాలుక చివర ఆడి బయటికి రాకపోవడం మనకు ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. ఆయనకు రోజంతా అట్లాగే. కొందరికి వినడం, చదవడం, రాయడం కూడా తగ్గుతాయి, ఒక్కొక్కరిది ఒక్కో తీరు. మీ మనిషికి ఏది బాగుంది, ఏది బాగాలేదు అని థెరపిస్ట్‌ను విడివిడిగా అడిగి రాయించుకోండి. మా ఆయనకు ఒక్కరే మాట్లాడితే బాగా అర్థమవుతుంది, ముగ్గురు కలిసి మాట్లాడితే కాదు. చదవడం ఫర్వాలేదు. అంకెలు నోటితో చెప్పడం కష్టం. పని ఎట్లా సర్దాలో ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది.

తర్వాతిది, నా లెక్కలో అన్నిటికంటే ఉపయోగపడ్డది. మొదట్లో ఇంట్లో బొమ్మల కార్డులతో ప్రాక్టీస్ చేసేవాళ్లం: ఆవు, గొడుగు, అరటిపండు. మార్కెట్‌లో ఆయనకు అరటిపండుతో ఏం పని? కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి, రెండు రోజులు పొద్దున్నే మార్కెట్‌కు పోయి దుకాణం ముందు కూర్చున్నాను. ఇంకో గుమస్తా నోటి నుంచి వచ్చే ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తీరా చూస్తే 60 మాటలు దాటలేదు. "ఏ ఊరు?" "పేరేంది?" "ఎన్ని బస్తాలు?" "జెండా పాట ఎంత పోయింది?" (అంటే ఆ రోజు వేలంలో పలికిన పై ధర) "కాంటా అయిందా?" "పట్టీ తీస్కో." "సోమవారం రా." సరుకు పేర్లు తేజ, వండర్‌హాట్, 341, చపాటా, తాలు. ఊళ్ల పేర్లు నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్. 19 ఏళ్ల ఉద్యోగంలో రోజూ తిరిగే మాటలు అవే అని అప్పుడు తెలిసింది. భాష మొత్తం తిరిగి రావాలంటే భయమేస్తుంది, 60 మాటలంటే చెయ్యొచ్చు అనిపించింది.

ఆ నోట్‌బుక్ థెరపిస్ట్‌కు చూపిస్తే ఆమె వెంటనే కార్డులు పక్కన పెట్టింది. వారానికి ఎనిమిది మాటలు. పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు, అంతకు మించి లాగొద్దు. బొమ్మల బదులు అసలు వస్తువులే పెట్టాం: నాలుగు రకాల మిరపకాయలు నాలుగు స్టీలు గిన్నెల్లో పోసి ముందు పెట్టేదాన్ని. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని, తొడిమ తిప్పి చూసి, పేరు వెతుక్కుంటాడు. పది లెక్కపెట్టేదాకా నేను నోరు తెరవను. రాకపోతే మొదటి అక్షరం మాత్రం అందిస్తాను: "తే..." అప్పటికీ రాకపోతే పేరు రాసి ఉన్న చీటీ చూపిస్తాను. మొత్తం మాట చెప్పేసి "అను" అనడం చిట్టచివరి పని. వరంగల్ చపాటాకు 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని పేపర్లో పడ్డ రోజు, ఆ వార్త మీద వేలు పెట్టి, ఎవరూ అందించకుండానే "చపాటా" అన్నాడు. టమాటాలాగా గుండ్రంగా ఉండే ఆ కాయ ఒకటి ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఎండి ఉంది.

ఇక అంకెలు. ఫిబ్రవరిలో దెబ్బ తగిలింది ఇక్కడే కాబట్టి ఎక్కువ రోజులు దీని మీదే కూర్చున్నాం. వరుసగా అయితే ఒకటి నుంచి ఇరవై దాకా ఆయన గడగడా చెప్పేస్తాడు. వారాల పేర్లూ అంతే, చిన్నప్పటి భజన పాటా అంతే. అలవాటుగా వరుసలో వచ్చేవి ఈ జబ్బులో చాలామందికి మిగులుతాయట. విడిగా "ఏడు" అనమంటే రాదు. అందుకని వరుసనే నిచ్చెన చేసుకున్నాం. బొటనవేలితో కణుపులు తాకుతూ లోలోపల ఒకటి, రెండు అని ఎక్కుతూ పోయి, ఏడు దగ్గర ఆగి, అప్పుడు పైకి "ఏడు" అంటాడు. మొదట్లో అర నిమిషం పట్టేది. ఇప్పుడు చూసేవాళ్లకు తెలియనంత తొందరగా అయిపోతుంది. ధరలకు వ్యాపారుల మాటే సాయపడింది. పదమూడు వేల ఐదు వందలు అనేదాన్ని మార్కెట్‌లో "పదమూడున్నర" అంటారు, ఒక్క మాట.

అయినా నోటి లెక్క మీద ఆధారపడొద్దని గట్టిగా చెప్తాను. ఇప్పుడు ఏ అంకె అయినా ఆయన రాస్తాడు, లేదా ఫోన్‌లో కాలిక్యులేటర్ మీద కొట్టి చూపిస్తాడు. ఎదుటివాడు దాన్ని పైకి చదువుతాడు. ఆయన తల ఊపాకే పట్టీలోకి ఎక్కుతుంది. రెండో సీజన్ అంతా ఇదే పద్ధతి, బస్తాల లెక్కలో ఒక్క గొడవ రాలేదు. మీ మనిషి చేసే పనిలో తప్పు పోతే నష్టమయ్యేది ఏదో ఒకటి ఉంటుంది: మందుల షాపులో పేరు, దర్జీ పనిలో కొలత, బస్సులో చిల్లర. దానికి ఒక రాత పద్ధతి ముందే పెట్టండి. కుడి చెయ్యి పట్టు రాకపోతే ఎడమ చేత్తో రాయించండి. మా ఆయన నాలుగు గీతల కాపీబుక్‌లు మూడు నింపాడు. పెద్దమనిషి చేత చిన్నపిల్లల పుస్తకం రాయించడానికి నాకు మనసు ఒప్పలేదు, ఆయనే షాపుకు పోయి కొనుక్కొచ్చుకున్నాడు.

ఇంట్లోవాళ్లు మానుకోవాల్సింది ఒకటుంది. ఒక వానరోజు ఆయన తలుపు దగ్గర నిలబడి చెయ్యి పైకెత్తి "అది... అది..." అంటున్నాడు. నేను వంటింట్లోంచి "చెప్పులా? సంచా? ఫోనా? చార్జరా?" అని వరసపెట్టి అందించాను. నా ఒక్కో మాటకు ఆయన వెతుక్కుంటున్న మాట ఇంకా దూరం పోయింది. చివరికి తడుస్తూనే వెళ్లిపోయాడు. కావాల్సింది గొడుగు. కార్డుల మీద రోజూ చూసిన గొడుగే. అప్పటి నుంచి చేతిలో పని ఆపి, ఎదురుగా వచ్చి, ముఖం చూస్తూ నిలబడతాను. అంతగా రాకపోతే రెండే అడుగుతాను: "వేసుకునేదా, పట్టుకునేదా?" "అవును", "కాదు" కూడా ఆయనకు తారుమారయ్యేవి, అందుకని బొటనవేలు పైకి, కిందికి అని ఒప్పందం చేసుకున్నాం. బయటివాళ్లు ఆయన్ను వదిలేసి నన్ను అడిగితే, "ఆయన్నే అడుగన్నా, చెప్తడు" అంటాను. ఈ ఒక్క మాట అనడానికి నాకు నెల పట్టింది.

దుకాణానికి వెళ్లి అడగడం గురించి. మొదట వేరే దుకాణంలో అడిగితే "మాట రాని మనిషితో మార్కెట్ పని ఎట్లయితదమ్మా" అన్నారు. ఆ రోజు నేను దయ చూపమన్నట్టు మాట్లాడానని తర్వాత అర్థమైంది. పాత సేటు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇద్దరం కలిసి ఒక కాగితం తయారు చేసుకున్నాం. ఎడమ వైపు ఆయన చేయగలిగినవి: సరుకు చూడటం, గ్రేడు తేల్చడం, లాట్ నంబర్లు వేయడం, కాంటా దగ్గర రాయడం. కుడి వైపు ఇప్పట్లో వద్దన్నవి: ఫోన్ ఎత్తడం, వేలంలో అరవడం, హిందీ ఖరీదుదారులతో బేరం. ఫోన్‌లో ఎదుటివాళ్ల ముఖం, చెయ్యి కనపడవు కాబట్టి అది అన్నిటికంటే కష్టం. ఇక హిందీ ఇంతకుముందు ధారాళంగా వచ్చేది, ఇంకా తిరిగి రాలేదు. రెండు మూడు భాషలు తెలిసినవాళ్లకు అన్నీ ఒకే వేగంతో రావట. కాగితం ఇచ్చింది ఆయన, మాట్లాడిందీ ఆయనే: "సేటు, పని... చేస్త." మూడు మాటలు. రెండు వారాలు ప్రాక్టీస్ చేశాడు. జీతం ఎంత, ఎప్పటి నుంచి అన్నది కూడా ఆ రోజే తేల్చుకోండి, మొహమాటపడితే తర్వాత అడగలేరు. మొదటి రెండు నెలలు సగం పూట, సగం జీతం అనుకున్నాం.

జూలై ఎంచుకోవడానికి కారణం ఉంది. మిర్చి జోరు తగ్గింది, పత్తి అక్టోబర్ నుంచి గానీ దిగదు. యార్డులో జనం పలచగా ఉంటే ఒక్కొక్కరితో మాట్లాడే వీలు దొరుకుతుంది. మీ మనిషి పనిలో కూడా ఖాళీ కాలం ఏదో చూసుకుని అప్పుడు పంపండి.

జేబులో ఒక కార్డు ఉంటుంది, జిరాక్స్ సెంటర్‌లో లామినేషన్ చేయించాం. "నాకు పక్షవాతం వచ్చి మాట ఆలస్యంగా వస్తుంది. మీరు చెప్పేది అర్థమవుతుంది. ఒక్కొక్కటిగా అడగండి. లెక్క రాసి చూపిస్తాను." నేను మెడలో వేసుకొమ్మన్నాను. ఆయన వద్దన్నాడు, పెన్నుతో పాటు జేబులో పెట్టుకున్నాడు. ఎవరికి చూపించాలో ఎవరికి వద్దో ఆయన ఇష్టం. హమాలీలకు మాత్రం మొదటి రోజే అందరి ముందు చదివించాడు. అప్పటిదాకా చాలామంది చెవుడు వచ్చిందనుకుని గట్టిగా అరిచేవాళ్లు. ఒక పెద్ద హమాలీ తనంతట తానే బస్తాల లెక్క చాక్‌పీస్‌తో నేల మీద రాయడం మొదలుపెట్టాడు, ఇప్పుడు ఆ బృందమంతా రాస్తున్నారు.

ఒంటి సంగతి చూసుకోండి. మాట వెతుక్కోవడం బస్తా మోసినంత అలసట. నిద్ర తక్కువైన రోజు, మధ్యాహ్నం రెండు దాటాక, ఉన్న మాటలు కూడా తగ్గిపోతాయి. అందుకే లెక్క పనంతా పొద్దున పెట్టించాం. పక్షవాతం తర్వాత మింగడంలో కొందరికి ఇబ్బంది ఉంటుంది, మిర్చి ఘాటుకు దగ్గు వస్తే ప్రమాదం, మాస్క్ తప్పనిసరి. బీపీ గోళీ టిఫిన్ డబ్బాలోనే పెడతాను.

కాగితాల పని వాయిదా వేయకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, మాట, భాషా వైకల్యం కింద అఫేజియా పేరే ఉంది. శాశ్వతమని తేలాలి కాబట్టి కొన్నాళ్లు ఆగి పరీక్షిస్తారు. 40 శాతం అంతకు మించి అని సర్టిఫికెట్ వస్తేనే చాలా సౌకర్యాలు. యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, మీసేవలో అడగండి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలు అయింది. మీ మనిషిది సర్కారు కొలువైతే ఇంకో సంగతి: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయడానికి లేదు, అదే జీతంతో వేరే పనికి మార్చాలని ఆ చట్టంలో 20వ సెక్షన్ చెప్తుంది. రాజీనామా మీద సంతకం పెట్టించుకోవాలని చూస్తే పెట్టకండి.

ఇప్పుడు మేం ఫోన్ మొదలుపెట్టాం. సాయంత్రం ఆరింటికి నేను లోపలి గదిలో తలుపేసుకుని, ముందు గదిలో ఉన్న ఆయనకు రైతులాగా ఫోన్ చేస్తాను. నిన్న శుక్రవారం. "అన్నా, నర్సంపేట నుంచి. రేపు సరుకు తెమ్మంటవా?" అన్నాను. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను అందించలేదు. లోలోపల వారాలు ఎక్కుతున్నాడని తెలుసు.

"రేపు... బంద్," అన్నాడు. "సోమారం రా."