అల్బేనియా తీరానికి బయల్దేరే ముందు జాగ్రత్తలు

• వీసా: అల్బేనియా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు. గ్రీసు దీవి కోర్ఫూలో ఫెర్రీ ఎక్కి అల్బేనియా రేవు సరాందాలో దిగితే షెంగెన్ దాటేసినట్టే. సింగిల్ ఎంట్రీ వీసాతో మళ్ళీ గ్రీసులోకి రానివ్వరు. టికెట్ కొనకముందే ఇది చూసుకోండి.

• డబ్బు: 1965లో ఇక్కడి కరెన్సీ లెక్‌లో ఒక సున్నా తీసేశారు. అయినా చాలామంది ఇప్పటికీ పాత ధరే చెబుతారు. కాఫీ వెయ్యి లెక్ అంటే టెన్షన్ పడకండి, ఇవ్వాల్సింది వందే కావచ్చు. పాతదో కొత్తదో అడిగాకే నోటు తీయండి. చిల్లర ఉంచుకోండి.

• రోడ్డు: తీరపు ఊరు హిమారాకి వెళ్ళే దారిలో లోగరా కనుమ వెయ్యి మీటర్లపైనే, అన్నీ మెలికలే. కడుపులో తిప్పేవాళ్ళు 2024లో తెరిచిన సొరంగంలో వెళ్ళండి. సముద్రం పైనుంచి చూడాలంటే మాత్రం పాత రోడ్డే. బండి కుడివైపు నడపాలి.

• పెద్దవాళ్ళు తల అడ్డంగా ఊపితే ‘అవును’ అని కూడా కావచ్చు.