డెబ్బై దాటినవారికి వయ వందన కార్డు: విశాఖలో ఎలా తీసుకోవాలి, ఆసుపత్రిలో ఎలా వాడుకోవాలి

విశాఖలో పింఛను మీద నడిచే ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మనకు బియ్యం కార్డు లేదు కదా, ఆ పథకాలు మనకెక్కడివి?" డెబ్బై దాటాక కొత్తగా ప్రైవేటు బీమా తీసుకుందామంటే ప్రీమియం భారీగా ఉంటుంది. షుగరో బీపీయో ఉందని రాస్తే పాత జబ్బులకు కొన్నేళ్ళు ఆగమంటారు. ఇక గుండెకో తుంటి ఎముకకో ఆపరేషన్ అనేసరికి డిపాజిట్లు మధ్యలో తీయాల్సిందే. ఇలాంటి ఇళ్ళకు 2024 అక్టోబర్ 29 నుంచి ఒక దారి ఉంది. అదే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు.

దీనికి ఆదాయంతో పని లేదు. ఎంవీపీ కాలనీలో సొంత మేడ ఉన్నా, కారు ఉన్నా, కొడుకు అమెరికాలో ఉన్నా అడ్డు కాదు. ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీ ప్రకారం 70 ఏళ్ళు నిండితే చాలు. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే తప్ప చెరో ఐదు కాదు. అలాగే ఇది ఆ పెద్దలకే. ఇంట్లో కొడుక్కో కోడలికో పనికిరాదు.

దరఖాస్తు చేయడం

కావాల్సిన కాగితం ఆధార్ ఒక్కటే. ఆదాయ ధ్రువపత్రం కోసం ఎవరైనా తిరగమంటే వినకండి. రుసుము కూడా లేదు. కార్డు చేయిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళే పనే లేదు.

ఇంట్లో స్మార్ట్‌ఫోన్ వాడే మనిషి ఉంటే ఆయుష్మాన్ యాప్ దింపుకోవచ్చు. కంప్యూటర్లో అయితే బెనిఫిషియరీ డాట్ ఎన్‌హెచ్ఏ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు తెరవాలి. లబ్ధిదారుగా లాగిన్ అయ్యేందుకు ఫోన్ నంబరు, దానికొచ్చే ఓటీపీ ఇస్తారు. లోపల 70 ఏళ్ళు పైబడినవారి నమోదు అని విడిగా కనిపిస్తుంది. అక్కడ రాష్ట్రం ఎంచుకుని ఆధార్ నంబరు కొడితే, పేరు ముందే జాబితాలో ఉంటే చూపిస్తుంది, లేకపోతే కొత్తగా నమోదు చేసుకోమంటుంది. చాలామంది పింఛనుదారులకు రెండోదే వస్తుంది, కంగారు పడనక్కర్లేదు. తర్వాత ఆధార్ కేవైసీ (ఆ మనిషి మీరేనని సరిచూడటం), వేరే ప్రభుత్వ వైద్య పథకం ఉందా లేదా అనే డిక్లరేషన్, ఫొటో, చిరునామా, పిన్‌కోడ్, కుటుంబ సభ్యుల వివరాలు. ఆమోదం వచ్చాక కార్డు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

చెప్పడానికి ఇంతే. పని ఆగేదల్లా కేవైసీ దగ్గర. లాగిన్‌కు ఎవరి ఫోనైనా సరిపోతుంది గానీ కేవైసీ ఓటీపీ మాత్రం ఆధార్‌కు లింకైన నంబరుకే వెళ్తుంది. పెద్దవాళ్ళ ఆధార్ తీసిన రోజుల్లో ఇచ్చిన నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో చాలా ఇళ్ళలో తెలియదు. కొందరిది హైదరాబాదులో ఉన్న అబ్బాయి నంబరు, కొందరిది ఎప్పుడో తీసేసిన సిమ్ము. అబ్బాయి నంబరే అయితే అతను ఆఫీసులో కాకుండా ఇంట్లో ఉన్న సమయం చూసి ఫోన్ చేతిలో పెట్టుకోమని చెప్పి మొదలుపెట్టండి. ఓటీపీ గడువు కొద్ది నిమిషాలే. నంబరు పోయినట్టయితే రెండు దారులు. ఆధార్ కేంద్రానికి వెళ్ళి కొత్త నంబరు లింకు చేయించుకోవచ్చు. లేదంటే వేలిముద్రతోనో, కంటిపాపతోనో, ముఖం చూపించో కేవైసీ చేయవచ్చు. వంటపనీ తోటపనీ చేసిన వేళ్ళ మీద గీతలు అరిగిపోయి వేలిముద్ర పడకపోవడం ఈ వయసులో మామూలే. అప్పుడు పదేపదే వేలు నొక్కించి పెద్దాయన్ని విసిగించే బదులు ముఖంతో చేయమని అడగండి.

ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉండి వయసు 68 అని చూపిస్తే ఇక్కడ ఎంత వాదించినా లాభం లేదు. ముందు ఆధార్‌లోనే సరిచేయించాలి. పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి సరైన రుజువు చేతిలో పెట్టుకునే వెళ్ళండి.

ఫోన్లతో తంటా పడలేనివారు దగ్గర్లోని వార్డు సచివాలయంలో ఆరోగ్య కార్యదర్శిని అడగండి. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో, అంటే పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో ఉండే ఆయుష్మాన్ కౌంటర్లోనూ నమోదు చేస్తారు. కానీ ఊపిరి ఆడని మనిషిని స్ట్రెచర్ మీద పెట్టుకుని ఆధార్ ఓటీపీ కోసం చూడటం ఎవరికీ వద్దు. ఒంట్లో బాగున్న రోజునే కార్డు తీసి పెట్టుకోండి.

ఎవరు ఆలోచించి దిగాలి

విశాఖలో ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేవీ నుంచీ కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల నుంచీ రిటైరైన కుటుంబాలు ఎక్కువ. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులకు), సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగులకు, పింఛనుదారులకు) లాంటి ప్రభుత్వ వైద్య పథకాల్లో ఉన్నవారు ఆ పథకమో వయ వందనో, ఏదో ఒకటే ఎంచుకోవాలి. నా అభిప్రాయం అడిగితే ఈసీహెచ్ఎస్ గానీ సీజీహెచ్ఎస్ గానీ ఉన్నవారు దాన్ని వదులుకోవద్దు. వాటిలో ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా) చూపించుకోవడం, నెలనెలా వేసుకునే మందులు కూడా వస్తాయి. వయ వందన ఆసుపత్రిలో చేరినప్పుడే పనిచేస్తుంది. డిక్లరేషన్ దగ్గర చదవకుండా టిక్కు కొట్టేస్తే తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం.

ప్రైవేటు మెడిక్లెయిమ్ (ఆరోగ్య బీమా) ఉన్నవారికి, ఉద్యోగుల బీమా అయిన ఈఎస్ఐలో ఉన్నవారికి ఈ షరతు లేదు. రెండూ ఉంచుకోవచ్చు.

బియ్యం కార్డున్న కుటుంబాలకు, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఎలాగూ రాష్ట్ర ప్రభుత్వ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ప్రభుత్వాలతో పాటు పేరు మార్చుకుంటూ వచ్చిన పథకమే అది. జనం నోట్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే, కౌంటర్లో ఆ మాటన్నా అర్థమవుతుంది. ఆ పథకం ఉన్న ఇంట్లో కూడా డెబ్బై దాటినవారికి వయ వందన తీసి ఉంచడం మంచిదే.

ఆసుపత్రి కౌంటర్లో

కార్డు ఉండి కూడా లక్షలు కట్టినవాళ్ళు ఉన్నారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ముందు అడ్వాన్సు కట్టేసి, రెండో రోజో మూడో రోజో కార్డు సంగతి చెప్పడం. ఈ పథకాలన్నీ ముందస్తు అనుమతి మీద నడుస్తాయి. మీరు కట్టిన డబ్బు తర్వాత తిరిగి ఇచ్చే ఏర్పాటు వీటిలో లేదు. అందుకే చేర్చేటప్పుడు నోటి నుంచి రావాల్సిన మొదటి మాట "కార్డు మీద చేర్చుకుంటారా?" అన్నదే.

అంతకన్నా ముందు ఆ ఆసుపత్రి పథకం జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఆరిలోవ హెల్త్ సిటీలో పక్కపక్కనే ఉన్న ఆసుపత్రుల్లో కూడా ఒకదాంట్లో గుండెకు కార్డు చెల్లవచ్చు, మోకాలికి చెల్లకపోవచ్చు. జాబితాలో పేరుంటే సరిపోదు, మీ జబ్బు విభాగానికి అనుమతి ఉండాలి. వయ వందనకైతే 14555కి, ఎన్టీఆర్ వైద్య సేవకైతే 104కి ఫోన్ చేసి ఆసుపత్రి పేరు, జబ్బు రెండూ చెప్పి అడగండి. వైద్యానికి హైదరాబాదుకో వెల్లూరుకో వెళ్ళే అలవాటున్న కుటుంబాలు కూడా బయల్దేరే ముందు ఇలాగే అడగాలి. వయ వందన రాష్ట్రం దాటినా చెల్లుతుంది గానీ అది నెట్‌వర్క్ ఆసుపత్రి అయి ఉండాలి.

కౌంటర్లో ఉండి పథకం పనులు చూసే వైద్యమిత్ర ఆధార్‌తో మనిషిని సరిచూస్తారు. డాక్టరు జబ్బు రాశాక పరీక్షల రిపోర్టులతో అనుమతికి పంపుతారు. అనుమతి వచ్చిందని చెప్పాకే మీరు నిశ్చింతగా ఉండాలి. "పంపించాం, వస్తుందిలెండి" అన్నది అనుమతి కాదు. ప్యాకేజీలో, అంటే ఆ చికిత్సకు పథకం కట్టే మొత్తంలో మంచం, ఆపరేషన్, మందులు, లోపల వేసే స్టెంటు లాంటివి అన్నీ కలిసే ఉంటాయి. చేరడానికి ముందు మూడు రోజుల్లో అయిన పరీక్షల ఖర్చు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజుల మందులు కూడా దానిలోవే. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ మందులు అడిగి తీసుకోండి, అడగనివాళ్ళకు గుర్తుచేసేవాళ్ళు తక్కువ.

"కార్డు మీద వేసేది మామూలు స్టెంటు, మంచిది కావాలంటే పైన ఇంత కట్టాలి" అనే బేరం ఎక్కడైనా ఎదురుకావచ్చు. స్టెంట్ల ధరకు కేంద్రం 2017 ఫిబ్రవరిలోనే పరిమితి పెట్టింది, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో. కార్డు మీద జరిగే చికిత్సకు రోగి దగ్గర అదనంగా వసూలు చేయకూడదు. అడిగితే ఎందుకో, ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. చాలాసార్లు ఆ మాటతోనే బేరం ఆగిపోతుంది. ఆగకపోతే అక్కడి నుంచే 14555కి ఫిర్యాదు చెప్పండి.

ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వెళ్ళేవారు అక్కడ ఎలాగూ ఉచితమే కదా అని కార్డు తీయరు. 1923 నుంచి శ్రీకాకుళం దాకా, ఒడిశా సరిహద్దు దాకా పేదవాళ్ళను చూస్తున్న ఆసుపత్రి అది. అయినా పెద్ద ఆపరేషన్లో బయట కొనాల్సి వచ్చే ఇంప్లాంటు పథకం కింద రాస్తే ప్యాకేజీలోకి వస్తుంది. అందుకే అక్కడా, హనుమంతవాకలోని విమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ముందు వైద్యమిత్ర దగ్గరికే వెళ్ళండి. క్యాన్సర్ అనుమానం ఉంటే అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముంబయి టికెట్లు తీసే ముందు అక్కడ ఒకసారి చూపించుకోండి.

కార్డు పనిచేయని చోట

ఓపీ ఫీజు, నెలనెలా బీపీ షుగరు మందులు దీనిలో రావు. వీటికి బ్రాండు లేని మందులు చౌకగా అమ్మే జనఔషధి దుకాణమే దిక్కు. అదే మందు బ్రాండు ధరలో సగానికీ అంతకన్నా తక్కువకూ దొరుకుతుంది. దగ్గర్లో దుకాణం ఎక్కడుందో, మందు ధర ఎంతో జనఔషధి సుగమ్ యాప్‌లో కనిపిస్తుంది. చీటీ మీద బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయమని డాక్టరును అడగండి, లేకపోతే దుకాణంలో పోల్చుకోవడం కష్టమవుతుంది.

గాజువాక, ఆటోనగర్ వైపు నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి పనిచేసే పిల్లలున్న ఇళ్ళలో జీతం చీటీ ఒకసారి చూడండి. ఈఎస్ఐ కోత ఉంటే, కొడుకు సంపాదన మీదే ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు కూడా దానిలో చేర్పించవచ్చు. అక్కడ ఓపీ మందులు వస్తాయి. పేర్లు చేర్పించాల్సింది కంపెనీ ద్వారానే.

ఏ పథకంలోనూ పడక చేతి డబ్బు కట్టాల్సి వస్తే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. స్థానిక ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పంపుతారు. ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు అడుగుతారు. డిశ్చార్జి రోజునే ప్రతి బిల్లు మీదా ఆసుపత్రి ముద్ర, సంతకం ఉన్నాయో లేదో చూసుకోండి. అసలు కాగితాలు చేయి దాటకముందే అన్నిటికీ జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టండి.