మానసిక వైద్యం, వ్యసన విముక్తి, నివాస సాయం: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి దరఖాస్తు విధానం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్, బరంపురం ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా మతి చెదిరినా, తాగుడు చెయ్యి దాటిపోయినా, ఇంటివాళ్లు ముందుగా అడిగే మాట "ఏ ఆఫీసుకు వెళ్లాలి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి" అన్నదే. ఆధార్‌లో పేరు సరిచేయించి, ఆదాయ ధ్రువపత్రం తెచ్చి, ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్దామని నెలల తరబడి ఆగిపోయిన కుటుంబాలను నేను చూశాను. అలా ఆగవలసిన అవసరం లేదు. వైద్యానికి ముందుగా ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. పింఛనుకూ, ఇంటికీ, వైకల్య కార్డుకూ కాగితాలు కావాలి గానీ, వాటన్నిటికీ మూలమైన కాగితం ఆస్పత్రిలో మొదటి రోజు ఇచ్చే ఓపీ చీటీయే. కాబట్టి వైద్యం ముందు, దరఖాస్తులు తర్వాత అన్న వరుసలోనే ఈ విధానాన్ని వివరిస్తున్నాను.

వైద్యం మొదలుపెట్టడం

2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్ కింద, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మానసిక వైద్యం పొందడాన్ని ప్రతి వ్యక్తికీ హక్కుగా గుర్తించింది. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి, చేతిలో ఆ కార్డు లేకపోయినా సరే, ఇల్లూ వాకిలీ లేనివారికి కూడా, ఈ వైద్యం ఉచితంగా అందాలని అదే సెక్షన్ చెబుతోంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం జిల్లా కేంద్ర ఆస్పత్రి నుంచి నడుస్తుంది కనుక మొదట అక్కడి ఓపీకి వెళ్లడం దగ్గరి దారి. రోగం ముదిరినట్టు అనిపిస్తే గంజాం, గజపతి జిల్లాలవారికి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆస్పత్రి, కోరాపుట్ వైపువారికి అక్కడి షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నాయి. డాక్టరు రాసిన మందులను ఆస్పత్రిలోని నిరామయ కౌంటరులో ముందుగా అడగాలి. అక్కడ ఉన్నవి ఉచితంగానే ఇస్తారు.

అంత దూరం వెళ్లే వీలు లేనివారు, వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేనివారు ఫోనులోనే మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగు కూడా ఉంది. భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగును ఎంచుకోవాలి. ఒడియా ధారాళంగా మాట్లాడేవారికి కూడా మనసులోని బాధ చెప్పుకోవడానికి అమ్మ దగ్గర నేర్చిన మాటే కావాలి, అందుకే ఈ నంబరును ఇంటి గోడ మీద రాసిపెట్టుకోమంటాను. ఎవరైనా ప్రాణం తీసుకోబోయారని తెలిస్తే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. కేసు అవుతుందేమోనన్న భయంతో దాచిపెట్టనక్కర్లేదు, ఎందుకంటే అలాంటి ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదని ఆ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

ఇక ఓపీ చీటీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన వాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు చెబుతాం. ఒడిశాలో ఫారాలు నింపేవారు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటారు. ఉదాహరణకు పొట్నూరు అప్పలస్వామి అనే వ్యక్తి ఆధార్‌లో పొట్నూరు అప్పలస్వామిగా, రేషన్ కార్డులో అప్పలస్వామి పొట్నూరుగా, ఓపీ చీటీలో ఒడియా ఉచ్చారణకు తగ్గట్టు ఆపలస్వామిగా నమోదైతే, కార్యాలయం దృష్టిలో వాళ్లు ముగ్గురు మనుషులు. చీటీ రాయించుకునేటప్పుడు పేరు నోటితో చెప్పకుండా ఆధార్ కార్డును కిటికీలోంచి అందించి, అందులో ఉన్నది ఉన్నట్టుగా రాయమని అడగడం ఒక్కటే దీనికి మందు. తేడా వచ్చిందని అప్పటికప్పుడే గమనిస్తే అక్కడే దిద్దించుకోవచ్చు. ఏడాది తర్వాత గమనిస్తే రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ రాయించుకోవలసి వస్తుంది.

మా వీధిలో ఒక తల్లి తన కొడుకు చీటీలన్నీ తేదీల వరుసలో రేషన్ కార్డుతో పాటు ఒకే పాలిథీన్ కవరులో పెట్టి, బియ్యం డబ్బా మూత కింద దాచేది. వానకు ఇల్లు కారినా ఆ కవరు తడవలేదు. తర్వాత వైకల్య పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు అడిగిన ప్రతి నెల చీటీనీ ఆమె తీసి చూపించగలిగింది.

ఆస్పత్రిలో చేర్చడానికి

రోగి తనంతట తాను చేరాలనుకుంటే తన సంతకంతోనే చేరవచ్చు. తనకు అవసరమని చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు అతని తరఫున నియమిత ప్రతినిధి దరఖాస్తు చేస్తాడు. ఒక మానసిక వైద్యుడు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. 89వ సెక్షన్ కింద ఇలా చేర్చిన కాలం 30 రోజులకు మించకూడదు. ఆ విషయాన్ని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు 7 రోజుల్లోగా, రోగి స్త్రీ అయితే 3 రోజుల్లోగా, ఆస్పత్రే తెలియజేయాలి. ఆ నియమిత ప్రతినిధి ఎవరో, మనిషి స్థిమితంగా ఉన్నప్పుడే తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి పెట్టుకోవచ్చు. స్టాంపు కాగితం అవసరం లేదు. అన్నదమ్ముల మధ్య మాట పట్టింపులున్న ఇళ్లలో ఈ ఒక్క కాగితం ఎంతో గొడవను తప్పిస్తుంది. ఇంట్లో అయినా, ఆస్పత్రిలో అయినా, గుణియా (భూతవైద్యుడు) దగ్గర అయినా రోగిని గొలుసుతో కట్టేయడం తగదు; వైద్యం పేరుతో గొలుసు వేయడాన్ని 95వ సెక్షన్ ఏ రూపంలోనూ అనుమతించలేదు.

తాగుడు, మత్తు మాన్పించడానికి

మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా ఈ చట్టం మానసిక రుగ్మతలుగానే లెక్కిస్తుంది. కాబట్టి పైన చెప్పిన హక్కులన్నీ తాగుడుకు లోబడిన మనిషికీ వర్తిస్తాయి. ఈ మాటను గట్టిగా చెప్పవలసిన అవసరం మన జిల్లాల్లో ఉంది, ఎందుకంటే ఇప్పసారా, జీలుగు కల్లు పండుగతో పాటు, పంటతో పాటు ఇంట్లోకి వచ్చేవి కావడంతో, అది రోగంగా మారిన రోజును ఇంటివాళ్లు గుర్తుపట్టరు. గుర్తుపట్టిన తర్వాత తిట్టి మాన్పించాలని చూస్తారు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాల్లో ఉండి చికిత్స పొందడం ఉచితం. దగ్గరలోని కేంద్రం ఎక్కడుందో 14446కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు, లేదా జిల్లా సామాజిక భద్రత అధికారి కార్యాలయంలో అడగవచ్చు. గుర్తింపు కార్డు, ఓపీ చీటీ, వెంట ఒక కుటుంబ సభ్యుడు ఉంటే చేరిక సులువవుతుంది. అయితే రోజూ ఎక్కువగా తాగే మనిషిచేత ఒక్కసారిగా మాన్పించి బస్సెక్కించడం ప్రమాదకరం. ఆపిన కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు, నిద్రపట్టకపోవడం మొదలై, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు; రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మనుషులను పోల్చుకోలేకపోవడం, లేనివి కనబడటం వంటివి రావచ్చు, ఇందులో ప్రాణాపాయం ఉంది. ఊళ్లో దీన్ని గాలి సోకిందని అనుకుంటారు. అలాంటి మనిషిని ముందు ప్రభుత్వాస్పత్రిలో చేర్చి, వణుకు తగ్గాక అక్కడి డాక్టరు రాసిన చీటీతో పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాలి.

డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు కేంద్రాల్లో చేర్చాలనుకునేవారు, మానసిక ఆరోగ్య సంస్థగా నమోదైన ధ్రువపత్రాన్ని చూపించమని అడగాలి. చూపించనిచోట, ఇంటివాళ్లను కలవనివ్వనిచోట, మనిషిని వదిలి రాకూడదు.

వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక రుగ్మత ఒకటి. 40 శాతం, అంతకు మించి ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటేనే చాలా పథకాల తలుపులు తెరుచుకుంటాయి. ఈ ధ్రువపత్రానికీ, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకూ స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో, సొంతంగా గానీ జనసేవా కేంద్రంలో గానీ దరఖాస్తు చేయాలి. ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, ఆధార్, చిరునామా రుజువు జతచేసి, సొంత జిల్లాలోని ఆస్పత్రిని ఎంచుకుంటే, నమోదు సంఖ్య ఫోనుకు వస్తుంది. ఆ ఫోను నంబరు ఇంట్లో నిలకడగా ఉండేవారిది కావాలి. రోగి దగ్గరున్న సిమ్ పోయి, పరీక్ష తేదీ తెలియక దరఖాస్తులు మూలపడటం మామూలే.

పరీక్షలో ఐడియాస్ అనే కొలమానాన్ని వాడతారు. తన శుభ్రత తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకుని బదులివ్వడం, పని చేయడం అన్న నాలుగు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేసి, గత రెండేళ్లలో ఎన్ని నెలలు జబ్బుగా ఉన్నాడన్న లెక్కకు మరో 4 దాకా కలుపుతారు. మొత్తం 20కి 7 వస్తే 40 శాతంగా లెక్క. ఈ నెలల లెక్కకు డాక్టరు చూసేది ఆ పాత చీటీలనే, బియ్యం డబ్బా కింది కవరు విలువ అక్కడ తెలుస్తుంది. ఇంకొక సంగతి: పరీక్ష రోజున పరువు కోసం "బాగానే ఉన్నాడండీ, అన్నీ తానే చేసుకుంటాడు" అని చెప్పే తల్లిదండ్రులున్నారు. స్నానం చేయించడానికి ఎన్నిసార్లు బతిమాలాలో, పనిలో ఎన్ని రోజులు నిలిచాడో, ఎక్కువా తక్కువా లేకుండా ఉన్నదున్నట్టు చెప్పాలి.

సరిహద్దు వాళ్లం కనుక ఒక పొరపాటు జరుగుతుంటుంది. పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ఉన్న చుట్టాలు "సదరం క్యాంపుకు తీసుకురండి" అంటారు. సదరం అనే ఆ వైకల్య పరీక్ష ఆంధ్రప్రదేశ్ నివాసులకు సంబంధించినది. ఒడిశాలో రేషన్ కార్డు, ఓటు ఉన్నవారు ఒడిశాలోనే యూడీఐడీకి దరఖాస్తు చేయాలి, ఆ కార్డు దేశమంతటా చెల్లుతుంది. వైద్యం మాత్రం విశాఖపట్నంలో చేయించుకున్నా తప్పులేదు. అక్కడి చీటీలను పరీక్షకు తెచ్చుకోవాలి. చీటీలో ఏదైనా తెలుగులో రాసి ఉంటే ఇంగ్లీషులో ఒక సారాంశం రాసిమ్మని ఆ డాక్టరునే అడగడం మేలు.

పింఛను, ఇల్లు, ఆశ్రయం

వైకల్య ధ్రువపత్రం వచ్చాక మధుబాబు పింఛను యోజన కింద పల్లెల్లో బ్లాకు కార్యాలయంలో, పట్టణాల్లో మున్సిపాలిటీలో దరఖాస్తు ఇవ్వాలి. ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ, నివాస ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు జతచేసి, ముట్టినట్టు రసీదు తీసుకోవాలి. 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 2025 జనవరి నుంచి నెలకు 3,500 రూపాయలు ఇస్తున్నారు.

ఇంటి విషయంలో మొదట చూడవలసింది, రోగి పేరు కుటుంబ రేషన్ కార్డులో ఇంకా ఉందా, ఇంటి పట్టాలో అతని వాటా ఉందా అన్నది. వైద్యానికి దూరంగా వెళ్లి వచ్చేలోపు పేరు తీయించేసిన సందర్భాలు ఉన్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం మానసిక రుగ్మత ఉన్న మనిషికి సమాజంలో బతికే హక్కు ఉంది. కుటుంబం వదిలేస్తే, సొంత ఇంట్లో ఉండే హక్కును నిలబెట్టుకునేందుకు న్యాయ సహాయంతో సహా తగిన తోడ్పాటును ప్రభుత్వం ఇవ్వాలి. ఇల్లే లేనివారు పంచాయతీ ద్వారా ప్రధానమంత్రి ఆవాస్ యోజనకు పేరు నమోదు చేయించుకోవాలి, ఈ పథకం కింద మైదాన ప్రాంతాల్లో 1,20,000, కొండ ప్రాంతాల్లో 1,30,000 రూపాయలు వస్తాయి. గృహ పథకాల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 5 శాతం రిజర్వేషన్‌ను 2016 చట్టం 37వ సెక్షన్ నిర్దేశించింది కనుక, దరఖాస్తులో యూడీఐడీ సంఖ్యను తప్పక రాయాలి.

ఆస్పత్రి నుంచి విడుదలయ్యాక ఇంటికి వెళ్లే దారిలేనివారి కోసం, విడుదలకు ముందే ఆస్పత్రి సోషల్ వర్కరుతో మాట్లాడి, కోలుకుంటున్నవారు కొంతకాలం ఉండే హాఫ్‌వే హోమ్‌లో గానీ ఆశ్రయ గృహంలో గానీ చోటు కోరుతూ జిల్లా సామాజిక భద్రత అధికారికి అర్జీ ఇవ్వాలి. విడుదలైన తర్వాత అడిగితే మనిషి ఈలోగా స్టేషను ప్లాట్‌ఫారం మీద ఉంటాడు. అలా తిరుగుతున్న మనిషి ఎవరైనా కనబడితే పోలీసులకు చెప్పవచ్చు. వారు అతన్ని లాకప్‌లో పెట్టకుండా 24 గంటల్లోగా ప్రభుత్వాస్పత్రికి చేర్చాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చెబుతోంది.

అర్జీ కదలకపోతే

రసీదు నకలుతో సోమవారాల్లో కలెక్టరు నిర్వహించే జాయింట్ గ్రీవెన్స్ (ఫిర్యాదులు వినే కార్యక్రమం)కు వెళ్లాలి. ఒడియాలో రాయడం రాకపోతే ఇంగ్లీషులో రాయించుకోవచ్చు. అర్జీలో పాత దరఖాస్తు తేదీ, రసీదు సంఖ్య, కోరుతున్నదేమిటో ఒక్క వాక్యంలో ఉంటే చాలు. ఆస్తి తగాదా గానీ, ఆస్పత్రిలో హక్కుల ఉల్లంఘన గానీ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, దాని కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. మానసిక వైకల్య ధ్రువపత్రాలు చాలావరకు తాత్కాలికంగా, గడువు తేదీతో వస్తాయి. ఆ తేదీని కార్డు చేతికి వచ్చిన రోజే క్యాలెండరులో రాసుకుని, రెండు మూడు నెలల ముందే కొత్త చీటీలతో తిరిగి పరీక్షకు దరఖాస్తు చేయాలి, ఆలస్యమైతే పింఛను ఆగిపోవచ్చు.