బ్లూబెల్ అడవికి బయల్దేరే ముందు

ఏప్రిల్ చివర్లో బ్లూబెల్ అనే నీలి పూలు చూడ్డానికి ఇంగ్లండ్‌లోని ఆష్‌రిడ్జ్ అడవికి పిల్లలతో వెళ్తున్నారా? ముందుగా ఇవి చూసుకోండి.

– పొడవు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపండి. గడ్డిలో పిడుదులుంటాయి. కొన్ని గసగసాల గింజంతే ఉంటాయి, కానీ లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బు అంటించగలవు. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లలకైతే జుట్టు అంచుల్లోనూ వెతకండి. కనిపిస్తే సన్నమొన పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి, మెల్లగా పైకి లాగండి. నలపొద్దు. తర్వాతి వారాల్లో ఎర్రమచ్చ పెద్దదవుతుంటే డాక్టర్‌కు చూపించండి.

– ఫోటో కోసం పూలలోకి దిగొద్దు, దయచేసి. తొక్కిన మొక్కలు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

– దారి పొడవునా పసుపు బాణం నడిచేవాళ్లకు. నీలం బాణం దారిలో గుర్రాలూ వస్తాయి.

– పొలం గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. దూడలున్న ఆవుల మధ్యకు వెళ్లకండి.

– మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.