అతివాహకాలపై ఫెమ్టోసెకను లేజర్ – 4వ పాఠం: సున్నా ఆలస్యాన్ని పట్టుకోవడం

కిందటి పాఠంలో లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చాం. బలమైన పంపు పల్స్ కూపర్ జంటలను, అంటే అతివాహకంలో నిరోధం లేకుండా విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్ల జంటలను, విడగొడుతుంది. బలహీనమైన ప్రోబు పల్స్ కాస్త ఆగి వచ్చి, నమూనా ఎంత కాంతిని వెనక్కి పంపుతోందో చూస్తుంది. ఆ ‘కాస్త’ ఎంతో కొలవడమే ఇవాళ్టి పని.

ఇంత చిన్న వ్యవధిని ఏ ఆసిలోస్కోపూ అందుకోలేదు. అందుకే కాలాన్ని దూరంలో కొలుస్తాం. కాంతి ఒక పికోసెకనులో (సెకనులో లక్ష కోట్లవ వంతు, అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు) 0.3 మి.మీ. వెళుతుంది. ఒక కిరణం దారిలో పెట్టిన డిలే స్టేజ్ (ముందుకూ వెనక్కీ జరిగే పీఠం) మీది అద్దాన్ని జరిపితే పోయే దారీ వచ్చే దారీ రెండూ పెరుగుతాయి కనుక 0.15 మి.మీ. జరిపితేనే ఒక పికోసెకను. ఈ రెట్టింపును మరిస్తే, జంటలు తిరిగి కలిసే కాలం మీ లెక్కలో సగమే వస్తుంది.

ముందు రెండు దారులనూ టేపుతో కొలిచి సమానం చేయండి. తర్వాత నమూనా ఉండే చోట బీబీఓ (బేరియం బోరేట్) స్ఫటికం పెట్టి, రెండు కిరణాలూ అందులో ఒకే చుక్కలో కలిసేలా చూడండి. స్టేజ్‌ను మెల్లగా, చాలా మెల్లగా జరపండి. రెండు 800 నానోమీటర్ల పల్సులూ ఒకేసారి చేరినప్పుడు వాటి మధ్య నుంచి 400 నానోమీటర్ల ఊదారంగు కాంతి బయటికొస్తుంది. అదే సున్నా. ఇక్కడ తొందరపడితే తర్వాతి కొలతలన్నీ వృథా.

ఇప్పుడు నమూనా. 1987లో కనుగొన్న ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్‌తో మొదలుపెట్టమంటాను. అది సుమారు 92 కెల్విన్ల దగ్గర అతివాహకమవుతుంది, కాబట్టి 77 కెల్విన్ల ద్రవ నైట్రోజన్ సరిపోతుంది. ప్రతిఫలనంలో మార్పు పదివేలలో ఒక వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. అందుకే పంపును చాపర్‌తో (కిరణానికి అడ్డుగా తిరిగే చీలికల చక్రం) లయగా ఆపుతూ వదులుతాం. లాక్-ఇన్ యాంప్లిఫయర్ ఆ లయలో వచ్చిన సంకేతాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. 92 కెల్విన్ల పైన సంకేతం పికోసెకను లోపే చాలావరకు తగ్గిపోతుంది. కింద మరింత పెద్దదై, కొన్ని పికోసెకన్లు నిలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. థర్మామీటరు క్రయోస్టాట్ (నమూనాను చల్లగా ఉంచే పాత్ర) వేడిని చెబుతుంది, లేజర్ పడిన చుక్క వేడిని కాదు.

అభ్యాసం: స్టేజ్ 0.6 మి.మీ. జరిగితే ఆలస్యం ఎంత? 92 కెల్విన్ల దగ్గర రావలసిన మార్పు థర్మామీటరు 86 చూపుతున్నప్పుడే కనిపిస్తే ఏం చేయాలి?

జవాబు: 4 పికోసెకన్లు. చుక్క సుమారు 6 కెల్విన్లు ఎక్కువ వేడెక్కింది. లేజర్ శక్తి తగ్గించి మళ్లీ కొలవండి.