తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సులో వెళ్లి, రాత్రికి ఇంటికి చేరడం ఎలా?

ఆదివారం వస్తే చాలు, మా వీధిలో ఎవరో ఒకరు తలకోన జలపాతానికో గుడిమల్లం శివాలయానికో బయల్దేరతారు. బస్టాండు కూతవేటు దూరంలో ఉన్నా వేలు పోసి కారు మాట్లాడుకుంటారు. బస్సెక్కిన ఆ కొద్దిమందేమో చీకటి పడ్డాక ఏ అడ్డరోడ్డు దగ్గరో నిలబడి ఇంటికి ఫోన్ చేస్తారు. తప్పు బస్సుది కాదు, అడగాల్సింది అడక్కపోవడం వల్ల వచ్చే తిప్పలివి.

పట్టుకెళ్లాల్సినవి: నీళ్ల సీసా, తువ్వాలు, పది, ఇరవై నోట్లు, పెరుగన్నం. పులిహోర వద్దు, ఎండలో దాహంతో చస్తారు. ఆడవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోకూడదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ప్రయాణం ఉచితం. ఉచితమే కదా అని ఊరికే కూర్చోకండి, కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాల్సిందే.

ఊరు ఎంచుకోవడం: రోజుకు ఒక్క ఊరు, అంతే. కొత్తవాళ్లయితే చంద్రగిరి కోట చాలు. పట్టుమని 15 కిలోమీటర్లు కూడా ఉండదు. రాజమహల్‌లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించండి. శ్రీకాళహస్తికి బస్సు వెనక బస్సు ఉంటుంది. కాణిపాకానికి నేరుగా బస్సు దొరక్కపోతే చిత్తూరు వెళ్లి మారండి, అక్కడి నుంచి 12 కిలోమీటర్లే. వీటికి నా సలహా అక్కర్లేదు. మిగతాదంతా రోడ్డు చివర ఉండే ఊళ్లకు వెళ్లేవాళ్ల కోసం.

వెళ్లడం: పొద్దున్నే దొరికిన మొదటి బస్సు ఎక్కండి. ఊరి పేరొక్కటే చూసి ఎక్కేయకుండా, ఏ దారిన వెళ్తుందో కూడా బోర్డు మీద చదవండి. ముందు సీట్లోనే కూర్చోండి. ఎక్కడ దిగాలో టికెట్ తీసుకునేటప్పుడే కండక్టర్‌కు చెప్పండి.

తిరిగి రావడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే.

పల్లె రూట్లలో సాయంత్రం చివరగా వచ్చే బస్సు చాలాసార్లు నైట్ హాల్ట్ బండి. అంటే ఆ ఊరికి వచ్చి, రాత్రికి అక్కడే ఆగి, తెల్లారి తిరుపతికి బయల్దేరుతుంది. డ్రైవరు, కండక్టరు కూడా అక్కడే పడుకుంటారు. ఈ సంగతి తెలియనివాళ్లు "ఆఖరి బస్సు ఎన్నింటికి?" అని అడుగుతారు. ఊళ్లోవాళ్లు ఊరికి వచ్చే ఆఖరి బస్సు టైమ్ చెబుతారు, వాళ్ల లెక్కలో అదే ఆఖరిది. మీరు ధీమాగా కూర్చుంటారు. బస్సు వస్తుంది, లైట్లు ఆరిపోతాయి, కండక్టర్ సంచి సర్దుకుంటూ "ఈ బండి రాత్రికి ఈడే ఉంటాదన్నా, పొద్దన్నే పోతాది" అంటాడు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు: "ఇక్కడి నుంచి తిరుపతికి వెనక్కి పోయే ఆఖరి బస్సు ఎన్నింటికి?" పొద్దున దిగుతూనే కండక్టర్‌ను అడగండి. తర్వాత స్టాపు దగ్గర టీకొట్టాయన్ని అడగండి. ఇద్దరూ ఒకే టైమ్ చెబితే సరే. తేడా వస్తే రెండింట్లో ముందుగా వచ్చే టైమే ఖాయం అనుకోండి. ఆదివారం, పండగ రోజుల్లో ఆ బండి ఉంటుందో లేదో కూడా విడిగా అడగాలి. ఆఖరి బస్సును ఎప్పుడూ నమ్ముకోవద్దు, దానికి ముందు బస్సుకే బయల్దేరండి. జలపాతం దగ్గర ఇంకో అరగంట ఉందామని పిల్లలు గొడవ చేస్తారు. చేయనివ్వండి.

ఆఖరి బస్సు కూడా తప్పిపోతే మెయిన్ రోడ్డు ఎటుందో తెలిసుండాలి. తలకోన నుంచైతే ఆటోలో బాకరాపేటకు వచ్చేయండి. మదనపల్లె, పీలేరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులు ఆ మీదుగానే వెళ్తాయి. గుడిమల్లం నుంచైతే ఏర్పేడు చేరాలి, శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి వచ్చే బస్సులు అక్కడ దొరుకుతాయి. ఈ ఆటో డబ్బులు వేరుగా తీసిపెట్టుకోండి, బజ్జీలకు ఖర్చు పెట్టొద్దు.

ఫోన్లో బస్సు ఎక్కడుందో చూసుకోవచ్చు కదా అని కుర్రాళ్లు అంటారు. ఎక్స్‌ప్రెస్‌లకు అది బాగానే పనికొస్తుంది. తలకోన అడవిలో సిగ్నలే సరిగ్గా ఉండదు, ఫోన్ ఏం చూపిస్తుంది? కారు సంగతికొస్తే, 80 మీటర్లకు పైగా ఎత్తు నుంచి పడే నీళ్లు చూడ్డానికి వెళ్లి, వెయిటింగ్ చార్జి ఎంతయిందోనని గంటగంటకూ గడియారం చూసుకునేవాళ్లే ఎక్కువ.

మెయిన్ రోడ్డుకు వచ్చాక ఎక్కడపడితే అక్కడ చెయ్యెత్తి లాభం లేదు, ఎక్స్‌ప్రెస్ ఆగదు. స్టాపులోనే నిలబడండి. సీటు లేదని బస్సు వదిలేయొద్దు, నిలబడి అయినా ఎక్కేయండి. బాకరాపేట ఘాట్ దిగేటప్పుడు మాత్రం పైరాడ్డు గట్టిగా పట్టుకోండి.