కొత్త ప్రాసెసర్ వచ్చిందా? ముందు మీ మదర్‌బోర్డు పేరు చెప్పండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర కంప్యూటర్ సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తుంటాను. ఇంటెల్‌దో ఏఎండీదో కొత్త ప్రాసెసర్ రిలీజైతే చాలు, ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, మార్చేయమంటావా?" ఇప్పుడున్న దాంతో ఏ పని ఆగిపోతోంది తమ్ముడూ అంటాను. సగం మంది దగ్గర జవాబుండదు. అలాంటివాళ్లు మార్చక్కర్లేదు.

పని నిజంగా ఆగుతుంటే ఎక్కడ ఆగుతోందో చూడండి. రోజూ చేసే పనే చేస్తూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి, సీపీయూ (అంటే ప్రాసెసర్) గ్రాఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి, లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా కనపడేలా పెట్టుకోండి. మొత్తం మీద 30 శాతమే చూపిస్తున్నా ఒకటి రెండు కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) నిండిపోయి ఉండొచ్చు. గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డు 95 శాతం దాటి పనిచేస్తుంటే ప్రాసెసర్ మార్చినా ఫ్రేమ్‌లు పెద్దగా పెరగవు. షాపులో బిల్లింగ్ సిస్టమ్ నత్తలా నడుస్తోందంటే చాలాసార్లు అందులో ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటుంది. ఎస్ఎస్‌డీ వేస్తే సరిపోతుంది. ఎండాకాలంలోనే స్లో అవుతోందా? ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే పేస్ట్) మార్చండి.

ఇవన్నీ అయ్యాక కూడా తప్పు ప్రాసెసర్‌దే అని తేలితే, అప్పుడు బోర్డు (ప్రాసెసర్, ర్యామ్ కూర్చునే మదర్‌బోర్డు) పేరు చూడాలి. కొత్త మోడళ్ల రివ్యూలు చూసేముందు చేయాల్సిన పని ఇదే. ఏఎండీ ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సంగతే తీసుకోండి. 2017లో ఏఎండీ రైజెన్ 5 1600 ప్రాసెసర్‌తో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది, బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ర్యామ్ మారలేదు, బోర్డు మారలేదు. తర్వాతి సాకెట్ ఏఎం5కి వెళ్తే బోర్డూ కొనాలి, డీడీఆర్5 ర్యామూ కొనాలి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూశాం కదా! కాబట్టి మీ బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరిచి, అందులో అన్నిటికన్నా మంచి ప్రాసెసర్ ఏదో చూడండి. మీకు కావలసిన అప్‌గ్రేడ్ చాలాసార్లు అదే. బయోస్ అప్‌డేట్ మాత్రం పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే చేయండి.

ఇంటెల్‌లో ఎల్‌జీఏ 1700 సాకెట్ బోర్డుకి 12, 13, 14 తరాలు మూడూ పడతాయి. 13 నుంచి 14కి మారడం డబ్బు దండగ. ఆ రెంటికీ తేడా చాలా తక్కువ. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200కైతే సాకెట్టే మారింది, పైగా చాలా గేమ్స్‌లో అది 14వ తరం కంటే వెనకబడింది. నంబరు పెరిగినంత మాత్రాన స్పీడు పెరుగుతుందని నమ్మకండి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లది వేరే లెక్క. వీళ్లకైతే వెంటనే మార్చమనే చెబుతాను. ఇప్పటి కెమెరాల్లో 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా ఉండే పద్ధతి), హెచ్.265 అనే కుదించిన వీడియో ఫార్మాట్‌లో తీస్తున్నారు. ఐ7-8700 లాంటి పాత ఇంటెల్ ప్రాసెసర్‌లో ఆ ఫుటేజ్‌ని విప్పే (డీకోడ్ చేసే) హార్డ్‌వేర్ లేదు, భారమంతా కోర్ల మీద పడి టైమ్‌లైన్ కుదుపులు కుదుపులుగా కదులుతుంది. 12వ తరం ఐ5లో ఉండే చిన్న గ్రాఫిక్స్ ఈ పనిని సులువుగా చేసేస్తుంది. పేరు చివర ఎఫ్ ఉన్న మోడల్ మాత్రం తీసుకోకండి, అందులో ఆ గ్రాఫిక్స్ ఉండదు. వెయ్యి, రెండు వేలు మిగులుతాయని ఎఫ్ మోడల్ అంటగట్టే షాపులున్నాయి, జాగ్రత్త. ఎలాగూ గ్రాఫిక్స్ కార్డు కొనే ఆలోచన ఉంటే ఎన్విడియా ఆర్టీఎక్స్ 50 సిరీస్ కూడా 4:2:2ని విప్పుతుంది; అప్పుడు ప్రాసెసర్ ఇంకొన్నాళ్లు ఆగొచ్చు.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 7వ తరం, రైజెన్ 1000 సిరీస్ దాదాపుగా విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల లిస్టులో లేవు. రైజెన్‌వాళ్లకి సెకండ్ హ్యాండ్ రైజెన్ 5 5600 ఒకటి చాలు. 7వ తరం ఇంటెల్‌వాళ్లకే ఇబ్బంది: సాకెట్ 1151 పేరు ఒకటే అయినా 8వ తరం ఆ బోర్డులో నడవదు.

నా లెక్కలో, మీరు రోజూ చేసే పనిలో కనీసం 30 శాతం తేడా రాకపోతే కొన్న సంగతి నెలకే మర్చిపోతారు. కొత్త తరం వచ్చిన రెండు మూడు నెలలకి పాతదాని రేటు చూడండి. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9 తీసుకుంటే బిల్లు అడగండి. వాటిలో వోల్టేజ్ సమస్య ఉందని ఇంటెలే 2024లో ఒప్పుకుని వారంటీ రెండేళ్లు పెంచింది. ఏఎం4 అయితే కింద పిన్నులు వంగాయేమో వెలుతురులో చూడండి. మీ పాత ప్రాసెసర్ విప్పేటప్పుడు కాసేపు సిస్టమ్ నడిపి, ఆపి, వేడి మీదే కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. చల్లగా ఉన్నప్పుడు నేరుగా లాగితే, ఏఎం4లో పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడి రావచ్చు.